గర్భసంచిలో సంచి ఎక్కడుంది?

డాక్టర్లు చీటీ మీద గర్భాశయం అని రాస్తారు, నోటితో మాత్రం గర్భసంచి అంటారు. తిరుపతిలోనూ అంతే, చిత్తూరులోనూ అంతే. సంచి పని మోయడం. మోసే పని అయిపోయిన సంచిని కొయ్యకు తగిలిస్తాం, చిరిగితే పారేస్తాం. "పిల్లోళ్ళు పుట్టేసినారు గదా, ఇంక దాంతో ఏం పని" అనే మాట సగం ఆ పేరులోంచే పుట్టింది. మూత్రసంచి అని కూడా అంటాం గానీ, దాన్ని తీసేయించుకోమని ఎవరూ సలహా ఇవ్వరు. అది పూటపూటా పనిచేస్తోందని అందరికీ తెలుసు.

అసలు మామూలు రోజుల్లో అక్కడ సంచి అంటూ ఏమీ ఉండదు. ఉండేది మందపాటి కండ. పిల్లలు పుట్టని మనిషికి సుమారు 7.5 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 2.5 మందం. కాన్పులయ్యాక ఇంకో సెంటీమీటరో రెండో పెరుగుతుంది. తలకిందులు చేసిన చిన్న బేరికాయ అనుకోండి. లోపలి గోడలు రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, మధ్యలో సన్నని చీలిక మాత్రమే. ఖాళీగా వేలాడే తిత్తి కంటే మూసిన పిడికిలికే దగ్గర.

ఆసుపత్రి గోడ మీది పటం చూడండి. గర్భాశయం నిటారుగా నిలబడి ఉంటుంది. రెండు నాళాలు చేతులు చాపినట్టు అటూ ఇటూ సాగి ఉంటాయి, వాటి చివర్లలో అండాశయాలు దుద్దుల్లా వేలాడుతుంటాయి. చుట్టూ తెల్ల కాగితం. ఆ మనిషికి పొట్ట లేదు, తొడలు లేవు, తల అసలే లేదు. ఒళ్ళో చూస్తే లెక్క వేరు. చాలామందిలో గర్భాశయం ముందుకు వంగి మూత్రాశయం మీద పడుకుని ఉంటుంది. నాళాలు వెనక్కి ఒంపు తిరుగుతాయి. ఎండు ఖర్జూరమంత అండాశయాలు పక్కనే ఒదిగి ఉంటాయి. వెనక పెద్దపేగు, అడుగున యోని, పక్కల నుంచి పట్టి ఉంచే కట్లు, కొంత రక్తాన్ని అండాశయాలకు కూడా చేరవేసే నాళాలు. పటంలో ఇవేవీ లేకపోబట్టే తీసేయడమంటే గోడకున్న పటం దించినంత తేలిక అనిపిస్తుంది. తీసేటప్పుడు మూత్రాశయానికి దెబ్బ తగలొచ్చని, అండాశయాలు ఉంచినా అవి పని మానేసే వయసు కొన్నేళ్ళు ముందే రావొచ్చని, అండాశయాలూ తీసేస్తే ఎముకలకూ గుండెకూ ఆ లోటు తెలుస్తుందని ఈ బొమ్మ చూసిన ఎవరికీ తట్టదు.

అందుకే నా వాదన ఒక్కటే. మనకు కావలసింది వైద్యాన్ని తరిమేసే కళ కాదు. ఈ బొమ్మ గీసే హక్కును వైద్యం ఒక్కదాని చేతిలో ఉంచని కళ.

తల లేని ఈ బొమ్మ ఎక్కడిదంటే కొంత వెనక్కి పోవాలి. 1774లో విలియం హంటర్ అనే వైద్యుడు నిండు గర్భిణుల శవాలను కోసి చూపిన బొమ్మల పుస్తకం అచ్చువేశాడు. చాలా బొమ్మలు గీసింది యాన్ వాన్ రిమ్స్‌డిక్. గీతలో ఎంత నేర్పంటే బిడ్డ చర్మం తడి కూడా కనిపిస్తుంది. తల్లి తొడలను మాత్రం కసాయి కొట్లో ముక్కల్లా అడ్డంగా నరికి చూపించారు. ఇంకో డెబ్బై ఏళ్ళకు, 1845 నుంచి 1849 దాకా, అమెరికాలోని మాంట్‌గోమరీ ఊళ్ళో మేరియన్ సిమ్స్ అనే వైద్యుడు బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా పదేపదే కోతలు కోశాడు. వాళ్ళలో ముగ్గురి పేర్లు దక్కాయి: అనార్కా, బెట్సీ, లూసీ. యోని గోడలను ఎడం చేసి లోపలికి చూడడానికి వాడే, బాతు ముక్కులా ఉండే అతని స్పెక్యులమ్ ఇవాళ్టికీ మన ఆసుపత్రుల ట్రేలలో ఉంది. 2018లో న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి సిమ్స్ విగ్రహాన్ని తీసేశారు. 2021లో మాంట్‌గోమరీలోనే మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి ఆ ముగ్గురికీ ఎత్తైన లోహ విగ్రహాలు నిలబెట్టింది. మన దగ్గరైతే 1864 నాటి కంటోన్మెంట్ల చట్టం, 1868 నాటి అంటువ్యాధుల చట్టం కింద తెల్ల సిపాయిలకు సుఖవ్యాధులు రాకూడదని కంటోన్మెంట్లలో, పెద్ద ఊళ్ళలో వేశ్యలనుకున్న ఆడవాళ్ళను పేర్లు రాయించి, బలవంతంగా పరీక్షించారు. పరికరం స్పెక్యులమే. వ్యాధి ఉందంటే లాక్ హాస్పిటల్‌లో పెట్టి తాళం వేశారు. సిపాయిలకు ఆ తాళం లేదు.

ఇదంతా పాత కథ అనుకుంటే అంకెలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భాశయం తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. అంతకు ముందటి సర్వేలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగినట్టు తేలింది. ఎక్కువమంది చెప్పుకున్న కారణం అతిగా రక్తం పోవడం, నొప్పి. అనవసరంగా గర్భాశయాలు తీసేస్తున్నారని నరేంద్ర గుప్తా అనే వైద్యుడు వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలకు చెప్పింది. తీర్పు మంచిదే. అయితే స్కానింగ్ కాగితం చేతిలో పట్టుకుని బల్ల ముందు కూర్చున్న మనిషికి ఆ క్షణంలో అక్కరకొచ్చేది తీర్పు ప్రతి కాదు, తన ఒళ్ళు తనకు తెలిసి ఉండడం.

ఒళ్ళు తెలుసుకునే ఈ పని మీద కళాకారులు రెండు దారుల్లో నడిచారు. రెండూ నాకు ఇష్టమే, సమానంగా మాత్రం కాదు.

మొదటిది పరికరాన్ని చేతిలోకి తీసుకునే దారి. 1971లో లాస్ ఏంజిలెస్‌లో క్యారల్ డౌనర్ అనే స్త్రీవాద కార్యకర్త ప్లాస్టిక్ స్పెక్యులమ్, అద్దం, టార్చిలైటు పట్టుకుని తన గర్భాశయ ముఖద్వారాన్ని తాను చూసుకుని, తోటి ఆడవాళ్ళకు చూపించింది. ఈమధ్య కాలంలో స్పెయిన్‌లోని కెటలోనియాలో గైనీపంక్ అనే బృందం స్పెక్యులమ్‌ను త్రీడీ ప్రింటర్ మీద అచ్చు తీసింది. స్కీన్ అనే మగ వైద్యుడి పేరు మోస్తున్న గ్రంథికి అనార్కా పేరు పెట్టింది. పేరు మార్చడం నాకు భలే నచ్చింది. పరికరం దగ్గరే ఆగుతాను. అలాంటి ప్రింటింగులో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ నడిచేది 121 డిగ్రీల మీద. మరిగే నీళ్ళలో వేసినా ఆకారం చెడుతుంది. పొర మీద పొరగా అచ్చవుతుంది కాబట్టి పొరల సందుల్లో మురికి చేరి, ఎంత కడిగినా పోదు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ స్పెక్యులమ్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. ప్రింటు తీయడం ప్రదర్శనకు బాగుంటుంది, ఒంట్లోకి వద్దు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆనవాళ్ళు చూసే వెనిగర్ పరీక్షదీ ఇదే తంతు. 3 నుంచి 5 శాతం అసిటిక్ ఆమ్లాన్ని ముఖద్వారం మీద దూదితో అద్ది ఒక నిమిషం ఆగితే, తేడా వచ్చిన కణాలున్న చోట తెల్లబడుతుంది. ఇందులో గుట్టేమీ లేదు. 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయాలని మన ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఇంట్లో చేస్తే ఎక్కడ తప్పుతుందంటే, గాఢత తెలియని ఆమ్లం పోస్తే కాలుతుంది. మామూలు ఇన్‌ఫెక్షన్ ఉన్నా తెల్లబడుతుంది, భయం పట్టుకుంటుంది. నెలసరి ఆగినవాళ్ళలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి ఏమీ కనిపించకపోయినా ధైర్యం చెప్పుకోవడానికి లేదు. పైగా గడియ ఉన్న గది, అరగంట ఏకాంతం కావాలి. అవి ఎంతమంది ఇళ్ళలో ఉన్నాయి?

రెండో దారి అజ్మీరు జిల్లా పల్లెల్లో పడింది. 1980ల చివర్లో రాజస్థాన్ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ఊరి ఆడవాళ్ళు దాదాపు 75 మంది కలిసి శరీరం గురించి ఒక బొమ్మల పుస్తకం చేశారు. పేరు 'శరీర్ కీ జాన్‌కారీ'. 1989లో కాళీ ఫర్ విమెన్ అనే స్త్రీవాద ప్రచురణ సంస్థ అచ్చువేసింది. మొదట గీసిన నగ్న చిత్రాలను ఊళ్ళో చూపిస్తే, ఇట్లా బట్టల్లేకుండా ఏ ఆడది కనిపిస్తుందని అడిగారు. దాంతో మనిషికి బట్టలు తొడిగారు. ఘాగ్రా అంచు పట్టుకుని కాగితాన్ని పైకెత్తితే లోపలి శరీరం కనపడుతుంది, వదిలేస్తే మళ్ళీ బట్ట కప్పుకుంటుంది. ఎవరు ఎత్తాలి, ఎంతసేపు చూడాలి అన్నది చూసేవాళ్ళ చేతుల్లో ఉంది. హంటర్ పుస్తకానికి ఇంతకంటే సూటి జవాబు నేనెక్కడా చూడలేదు. సిగ్గును ఎగతాళి చేయలేదు, సిగ్గుకు లొంగనూ లేదు. ఆ సిగ్గు లోపలే తలుపు పెట్టారు.

ఈ పనికి మన దగ్గర బట్ట ఉంది, కలం ఉంది. కాళహస్తిలో కలంకారీ పని తెలిసినవాళ్ళు ఉన్నారు. ఘాగ్రాకు బదులు చీర కుచ్చిళ్ళు. ఎలా చేయాలో రాస్తాను.

రెండు మీటర్ల గాడా బట్ట, అంటే ముతక నూలుది, పైకెత్తి చూసే రెప్పలకు ఇంకో మీటరు. ముందు గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. గంజి మిగిలితే రంగు పైపైనే ఉండి తర్వాత రాలుతుంది. లీటరు పచ్చి గేదెపాలలో సుమారు 100 గ్రాముల కరక్కాయ పొడి కలిపి, బట్ట ముంచి, గట్టిగా పిండి, ముడత లేకుండా ఆరేయాలి. కరక్కాయలోని వగరు నలుపును పట్టుకుంటుంది, పాలలోని కొవ్వు గీతను పాకనివ్వదు. నీళ్ళు కలిపిన పాలు వాడితే అండాశయం గీత ఉబ్బి మరకైపోతుంది. ఇది తెలియక చాలామంది కలాన్ని తిట్టుకుంటారు.

నల్ల గీతకు కసిం అనే ఇనుప నీళ్ళు కావాలి. మట్టికుండలో అరకిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, పావుకిలో బెల్లం, కొంచెం తాటిబెల్లం, రెండు లీటర్ల నీళ్ళు. రెండు మూడు వారాలు పులియాలి. పదునైందో లేదో తెలియాలంటే కరక్కాయ పట్టిన గుడ్డ ముక్క మీద ఒక చుక్క పెట్టాలి. వెంటనే నల్లబడితే సరే, బూడిదరంగులో తేలితే ఇంకో వారం ఆగాలి. మరీ చిక్కగా వాడితే ఇనుము నూలును తినేసి కొన్నేళ్ళకు గీత వెంబడే బట్ట చిరుగుతుంది. (రక్తం తక్కువైన ఒళ్ళను ఇనుముతో గీయడం నాకెందుకో సబబుగానే ఉంటుంది.)

బొమ్మకు కొలత ముఖ్యం. మనిషిని బట్ట మీద పడుకోబెట్టి, చింతబరికెల బొగ్గుతో చుట్టూ గీత గీయాలి. గీసేది ఆమెకు చనువున్న ఆడమనిషే కావాలి. 2002 ప్రాంతంలో కేప్‌టౌన్‌లో జేన్ సోలమన్ అనే కళాకారిణి హెచ్ఐవీ ఉన్నవాళ్ళ చేత నిలువెత్తు శరీర పటాలు వేయించిన పద్ధతి ఇదే. ముందుగా నొప్పి ఉన్నచోటు, కోత పడ్డచోటు, బరువు మోసే చోటు ఎవరి గుర్తులు వాళ్ళు పెట్టుకున్నాకే లోపలి అవయవాలు గీయాలి. వరస తిరగబడితే అందరూ పాఠం అప్పజెబుతున్నట్టే గీస్తారు. గర్భాశయాన్ని 7.5 సెంటీమీటర్ల అసలు కొలతలోనే, బొడ్డుకు బాగా కిందగా, మూత్రాశయం మీదికి వంచి గీయాలి. నిలువెత్తు మనిషిలో అది ఎంత చిన్నదో చూడగానే ఒక భయం పోతుంది. ఒళ్ళంతా పొడిచే నొప్పులన్నిటికీ అదే కారణమన్న భయం. యోనిశీర్షం, అంటే క్లిటోరిస్, బయటికి కనిపించే బఠాణీ గింజంతే అనుకుని వదిలేయకూడదు. లోపలి కాళ్ళతో కలిపి 9 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆస్ట్రేలియా వైద్యురాలు హెలెన్ ఒకానెల్ శవాలను కోసి చూపేదాకా, అంటే 1998 దాకా, చాలా వైద్య పుస్తకాలు దాన్ని సరిగ్గా గీయలేదు. ఊళ్ళో దానికి తిట్టులో తప్ప పేరు వినపడదు. పేరు ఏం రాయాలో బట్ట చుట్టూ కూర్చున్నవాళ్ళు తేల్చుకోవాలి.

గర్భాశయంలో వచ్చే గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు కూడా గీయాలి, ఉసిరికాయంత, నిమ్మకాయంత. కండలో ఉన్నది, బయటికి ఉబ్బింది, లోపలి చీలికలోకి పొడుచుకొచ్చింది, మూడూ వేరుగా చూపాలి. మూడోది చిన్నదైనా రక్తం బాగా పోతుంది, రెండోది పెద్దదైనా ఊరకే ఉండొచ్చు. "గడ్డ తిరిగి క్యాన్సర్ అవుతుంది" అన్న మాట చాలా అరుదైన సంగతిని రేపే జరగబోతున్నట్టు చెప్పడం. తెల్లబట్టకు, అంటే వాసనతోనో దురదతోనో అయ్యే తెల్ల స్రావానికి, చాలావరకు కారణం ఇన్‌ఫెక్షనే, మందులతో తగ్గుతుంది.

ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పెట్టి ఒక రోజైనా వదిలేయాలి. లీటరుకు 100 గ్రాముల పటిక. తర్వాత పారే నీళ్ళలో జాడించాలి. స్వర్ణముఖి పారని నెలలే ఎక్కువ కాబట్టి తొట్టి నీళ్ళయినా మారుస్తూ ఉండాలి. నిలవ నీళ్ళలో ముంచితే విడిపోయిన పటిక పక్కకు పాకి, మరిగించాక గర్భాశయంతో పాటు పేగులు కూడా ఎర్రబడతాయి. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే ఎరుపు మాసి గోధుమరంగులో పడుతుంది. మంజిష్ఠ, సురుడు చెక్క వేసిన నీళ్ళలో బట్టను మెల్లగా వేడి పెంచుతూ కదుపుతూ మరిగించాలి. పటిక ఉన్నచోటే రంగు పడుతుంది. మూత్రాశయానికి నీలి, అండాశయాలకు కరక్కాయ పువ్వు పసుపు. రంగు దగ్గర ఒక పేచీ ఉంది. కాళహస్తి వరసలో ఆడవాళ్ళ ఒళ్ళు పసుపు, దేవుళ్ళు నీలం, ఎరుపూ ఆకుపచ్చా రాక్షసులకు. గర్భాశయం ఎర్రగా వేస్తే ఏమనుకుంటారో అన్న సందేహం వస్తే అణచకుండా చర్చకు పెట్టండి. నా ఓటు ఎరుపుకే. అది కండ రంగు.

ఈ బట్ట పక్కనే ఇంకో చిన్న బట్ట ఉండాలి, నెత్తురు లెక్కది. మామూలుగా ఒక నెలసరిలో పోయేది 30-40 మిల్లీలీటర్లు, 80 దాటితే ఎక్కువ. ఎవరూ కొలిచి చూసుకోరు కాబట్టి 1990లో బొమ్మల పట్టీ ఒకటి వచ్చింది. కొంచెం తడిసిన ప్యాడ్‌కు 1, సగం తడిస్తే 5, పూర్తిగా నానితే 20, చిన్న నెత్తురు గడ్డకు 1, పెద్దదానికి 5. మొత్తం 100 దాటితే ఎక్కువ పోతున్నట్టు. ఆడవాళ్ళు గీస్తే వైద్యులు ఒప్పుకునే బొమ్మ ఇది. చిక్కల్లా గుడ్డ వాడేవాళ్ళకు ఈ లెక్క అతకదు. మార్గం ఉంది. 5 మిల్లీలీటర్ల సిరంజితో, కాస్త గంజి కలిపిన ఎర్రరంగు నీళ్ళు మీరు వాడే గుడ్డ మీదే 1, 5, 15 చొప్పున పోసి, మరకల అంచులు గీసి పెట్టుకోవాలి. గంజి లేకపోతే నీళ్ళు రక్తం కంటే దూరం పాకి లెక్క తక్కువ చూపిస్తుంది. మూడు నెలలు గోడ క్యాలెండర్ మీద చుక్కలు పెడితే చాలు. దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండర్ మీద ముట్టు రాయడమేమిటని కొందరంటారు. నిజానికి ఆ చిన్న చుక్క చాలా ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది.

దేవుడి మాట వచ్చింది కాబట్టి. కొండకు వచ్చే ఆడవాళ్ళలో ఎందరో ముట్టు వాయిదా వేసుకోవడానికి నోరెథిస్టెరోన్ మాత్రలు వాడతారు. తేదీకి మూడు రోజుల ముందు నుంచి 5 మిల్లీగ్రాములవి రోజుకు మూడు, ఆపేశాక రెండు మూడు రోజులకు ముట్టు. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, కాలేయ జబ్బున్నవాళ్ళు వాడకూడదని మందుల కొట్లో అడగకపోతే ఎవరూ చెప్పరు. నన్ను తొలిచేది ఇంకోటి. అతిగా రక్తం పోతుంటే ఆపడానికి డాక్టర్లు రాసే మందుల్లో ఈ మాత్ర కూడా ఒకటి. దర్శనం కోసం దీన్ని మింగిన మనిషికే, రక్తం ఎక్కువైనప్పుడు ఇదీ, ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలూ, గర్భాశయంలో పెట్టే హార్మోను సాధనమూ ఉన్నాయన్న కబురు అందకుండానే ఆపరేషన్ తేదీ అందుతుంది.

ఇక మనవాళ్ళను కూడా ఒక మాట అనాలి. తెల్లవాళ్ళు రాకముందు అంతా మన చేతిలోనే ఉండేదని మురిసిపోవడం నాకు గిట్టదు. నాగార్జునకొండలో కాళ్ళు ఎడం చేసి కూర్చున్న లజ్జాగౌరి అనే సంతాన దేవత శిల్పం దొరికింది, ఇక్ష్వాకుల కాలం నాటిది. ఇప్పటి స్త్రీవాద చిత్రకారులకు ఆ రూపం ఎంతో ప్రీతి. కింద చెక్కిన మాటలు చదవండి. దాన్ని చేయించిన రాణి ఖందువుల తనను తాను భర్త బతికున్నదాన్ని, బిడ్డలు బతికున్నదాన్ని అని చెప్పుకుంది. తల లేని దేవత కింద కూడా విలువ కట్టింది మొగుడూ పిల్లలతోనే. మంత్రసానులు చేత్తో తడిమి బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పగలిగేవాళ్ళు, ఆ విద్యను చులకన చేసి పోగొట్టుకున్నాం. అదే చేతులు కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతంతో పసికందులు పోయారు. చిత్తూరు వాళ్ళకు రోగం ముదిరితే వేలూరు గుర్తొస్తుంది. అక్కడ ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల, 1918లో ఆడపిల్లల కోసం తెరిచిన వైద్య పాఠశాల మిషనరీల చలవే. వాటివల్ల బతికినవాళ్ళ మనవరాళ్ళు మన మధ్య ఉన్నారు. ఈ బట్ట గీసేటప్పుడు ఒక లేడీ డాక్టరు పక్కన ఉండాలనే నేనంటాను. కలం మాత్రం ఆమె చేతిలో ఉండకూడదు.

రెప్పల దగ్గర జాగ్రత్త. మూడు పొరలు చాలు: కుచ్చిళ్ళు, పొట్ట, గర్భాశయం. పొరలు విడిగా రంగులద్ది, పూర్తిగా ఆరాకే పై అంచు మాత్రం కుట్టాలి. ముందే కుట్టి మరిగిస్తే ఒక్కో పొర ఒక్కోలా కుదించుకుపోయి రెప్ప మూసుకోదు. బట్టను ఓపీ హాలులో కట్టకండి, అక్కడ అందరి ముందూ ఎవరూ చేయి వేయరు. అంగన్‌వాడీ గదో, పొదుపు సంఘం కూర్చునే చోటో నయం, మనిషి నడుము ఎత్తులో కట్టాలి. అన్నిటికంటే ముందు అరిగేది కుచ్చిళ్ళ కింది అంచే, పదేపదే పట్టుకుని ఎత్తుతారు కాబట్టి. అక్కడ రెండు మడతలు వేసి కుట్టి, విడిగా ఇంకో రెప్పను ముందే రంగువేసి దాచుకోండి.